పనుల మధ్య నవలలు ఎట్ల చదువుతున్నారు?

అనంతపురం కోడలు:
అందరికీ నమస్తే. మా వీధికి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. వచ్చిన పొద్దున బిందెలు, డ్రమ్ములు నింపి, పిల్లోళ్లకు బాక్సులు కట్టి పంపించి, అంట్లు తోమేసరికి పదకొండు. ఇంక మధ్యాహ్నం సంగటి కెలికేలోపు దొరికిన కాస్త టైమే నాది. అప్పుడు బరువైన పుస్తకాలు చదివే ఓపిక ఉండదు, ప్రేమకథో డిటెక్టివ్ కథో అయితే సరిపోతుంది. ఫోన్‌లో ఒక యాప్‌లో సీరియల్ నవల పట్టుకున్నా. మొదట్లో భలే ఉండింది, అత్తాకోడళ్ల మాటలు మా ఇంట్లో విన్నట్టే ఉన్నాయి. కానీ యాభై భాగాలు దాటినా వాళ్లిద్దరి మధ్య అపార్థం తీరదు, ఒక్క ఫోన్ చేసి అడిగితే అయిపోయే దానికి! వదిలేద్దామంటే ఏమవుతుందో అని టెన్షన్. పైగా మా ఆయన "మళ్లీ ఆ సొల్లు కథలేనా" అంటాడు, ఆయన చూసే ఐపీఎల్ మాత్రం వేదం. మీరేం చదువుతున్నారో చెప్పండి.

కడప పెద్దమ్మ:
అమ్మాయ్, సాగదీయడం ఫోన్లతో వచ్చింది కాదు. వారపత్రికల్లో కూడా ప్రతి వారం చివర్లో తలుపు చప్పుడో టెలిగ్రామో వచ్చి కథ ఆగిపోయేది, వచ్చే సంచిక కొనాలి కదా మరి. కాకపోతే వెనకాల ఇంకో రచయిత సీరియల్ కాచుకొని ఉండేది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ముగించక తప్పేది కాదు. మేం ఆ పేజీలు చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసుకునేవాళ్లం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు పేజీ తిప్పితే సగం గోంగూర పచ్చడి, సగం వారఫలాలు! నా మాట విని ముందు పూర్తయిన నవల పట్టుకో. యద్దనపూడి సులోచనారాణి 'మీనా' 1973లో సినిమాగా కూడా వచ్చింది, సినిమా చూసుంటే చూశావులే, పుస్తకం చదువు. కడప వస్తే యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి రా. బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటే కట్టినారు.

కర్నూలు తమ్ముడు:
పెద్దమ్మా, అట్లా కుట్టినవి మా అమ్మ దగ్గర ట్రంకు పెట్టె నిండా ఉండేవి. 2009 అక్టోబర్‌లో వరద పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు అన్నీ నాని, ఆరినాక ఇటుకల్లా అయిపోయినాయి. పేజీ విడదీస్తే అక్షరాలు పక్క పేజీకి అంటుకొని వచ్చేవి. ఇప్పుడు అమ్మ చెనక్కాయలు ఒలుస్తూ యూట్యూబ్‌లో ఆడియో నవలలు వింటుంది. అక్కా, చేతులు ఖాళీ లేనోళ్లకు అదే సుఖం. రచయితల అనుమతి తీసుకున్న ఛానెలా కాదా అని మాత్రం చూసుకోండి. ఇంకోటి, కొంతమంది రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ చేస్తున్నట్టు చదువుతారు, హీరోయిన్ ఏడుస్తున్నా అదే గొంతు.

ప్రొద్దుటూరు మాస్టారు:
నేను కాస్త ఎదురు మాట్లాడతా, ఏమనుకోవద్దండి. కాలక్షేపం నవలలంటే నాకేం చిన్నచూపు లేదు, సెలవుల్లో నేనూ చదువుతా. నా బాధంతా ఒకటే, ప్రేమకథ అంటే హైదరాబాదు, వైజాగు, లేదంటే గోదారి గట్టు. మన సీమ పేరు ఎత్తితే చాలు కత్తులు, సుమోలు, బాంబులు. ఇక్కడ మనుషులు ప్రేమించుకోరా, బస్టాండులో ఉగ్గాని బజ్జీ తింటూ అలగరా? మా ఊర్లో బంగారం అంగళ్లు వీధులకు వీధులే ఉన్నాయి. కమ్మలు తూకం వేసే గుమాస్తాకూ, తరుగు దగ్గర బేరం తెగ్గొట్టే పిల్లకూ మధ్య కథ నడిపితే ఎంత సరదాగా ఉంటుంది!

అనంతపురం కోడలు:
మాస్టారూ, ఆ కథేదో మీరే రాయండి. ఒక్కటే షరతు, ఆ గుమాస్తాకు ఆర్యన్, విహాన్ అని పెట్టొద్దు. ఓబులేసు అని పెట్టండి, అప్పుడు మా ఆయన కూడా చదువుతాడేమో, ఆయన పేరదే.