మంచు వాలుపై ఐస్ యాక్స్: ముందుగా ఏమి నేర్చుకోవాలి?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను. గత శీతాకాలంలో కేదార్‌కంఠ ట్రెక్కు చేశాను. వచ్చే ఏడాది ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. జారిపడినప్పుడు మంచు గొడ్డలి, అంటే ఐస్ యాక్స్‌తో ఆగే సెల్ఫ్ అరెస్ట్ పద్ధతిని ఇంటి దగ్గరే సాధన చేయవచ్చా? ఎంత పొడవు యాక్స్ కొనమంటారు?

సమాధానం: యాక్స్ ఇప్పుడే కొనవద్దు, కోర్సులో సామగ్రిని సంస్థే ఇస్తుంది. తరువాత కొనదలిస్తే, తలభాగాన్ని పట్టుకుని చేయి కిందికి వదిలినప్పుడు కింది మొన చీలమండ దాకా వచ్చే యాక్స్ మామూలు మంచు వాలులకు సరిపోతుంది.

సెల్ఫ్ అరెస్ట్ చివరి ఉపాయం. మంచు గట్టిపడిన నిటారు వాలుపై మనిషి జారడం మొదలైన కొద్ది క్షణాలకే ఆపలేనంత వేగం వస్తుంది కనుక, అసలు జారకుండా నడవడమే ముందు నేర్వవలసిన విద్య. ఎక్కేటప్పుడు మోకాలి నుంచి కాలిని ఊపి, బూటు మొనతో మంచులో మెట్టు చేసుకుని, అది బరువు మోస్తుందని తెలిశాకే రెండో కాలు కదపాలి. దిగేటప్పుడు నిటారుగా ఉండి మడమను బలంగా దించాలి. భయంతో వెనక్కి వాలితే కాలు పట్టు తప్పుతుంది. యాక్స్ ఎప్పుడూ కొండ వైపు చేతిలోనే ఉండాలి. దాని కర్రను మంచులో నిలువుగా దించి, అది గట్టిగా నిలిచాక అడుగులు వేయాలి. రెండు పాదాలూ కుదురుకున్నాకే దానిని పైకి తీయాలి. పాదం జారితే రెండో చేత్తో కర్రను మంచును తాకే చోటనే పట్టుకోవాలి, ఎందుకంటే పైభాగాన్ని లాగితే అది ఊడి వస్తుంది.

ఇక సెల్ఫ్ అరెస్ట్ భంగిమను ఇంట్లో చాప మీద, ఒక కర్రతో అలవాటు చేసుకోవచ్చు. యాక్స్ తల భుజం దగ్గర, కర్ర ఛాతీకి ఐమూలగా, రెండో చేయి కింది మొనను కప్పి తుంటి దగ్గర ఉండాలి. వెల్లకిలా పడితే యాక్స్ తల పట్టుకున్న చేతి వైపే పొర్లాలి. రెండో వైపు పొర్లితే కింది మొన మంచులో తగులుకుని యాక్స్ చేజారవచ్చు. అయితే తల కిందుగా జారుతున్నప్పుడు శరీరం వెంటనే స్పందించడం మంచు మీదనే వస్తుంది. ఆ సాధన శిక్షకుని సమక్షంలో, కింద రాళ్లు లేకుండా క్రమంగా చదునయ్యే వాలుపై, హెల్మెట్, చేతొడుగులతో, క్రాంపాన్లు (బూట్ల కింద కట్టే ఇనుప ముళ్లు) లేకుండా చేయాలి. ఈలోగా బరువైన సంచితో సింహాచలం మెట్లు ఎక్కి దిగండి. అలసిన కాళ్లే ఎక్కువగా జారుతాయి.

మరో సభ్యుని సమాధానం: ఒక్క మాట చేర్చాలి. హిమపాతం (కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి జారిపడడం) ముందు యాక్స్ నైపుణ్యం పనికిరాదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా-2 పర్వతంపై హిమపాతంలో శిక్షణ పొందుతున్నవారితో సహా 20 మందికి పైగా మరణించారు. 30 నుంచి 45 డిగ్రీల వాలులనూ, కొత్తగా కురిసిన మంచునూ అనుమానంతో చూడడం కూడా శిక్షకుల వద్ద అడిగి నేర్చుకోండి.

ప్రశ్న: ధన్యవాదాలు. క్రాంపాన్లు వేసుకుని ఉండగా జారితే కాళ్లు ఎలా ఉంచాలి?

సమాధానం: మోకాళ్లు మంచుకు ఆనించి పాదాలను పైకెత్తండి. వేగంలో క్రాంపాన్ ముళ్లు తగులుకుంటే శరీరం పల్టీ కొడుతుంది, చీలమండ విరగవచ్చు. క్రాంపాన్లు లేనప్పుడు మాత్రం బూటు మొనలను గుచ్చాలి.