లువార్ లోయ కోటలు: మా అందరికీ సరిపడే వ్యాన్ దొరకట్లేదు

గోదారిగట్టు:
పొద్దున్నుంచి నాలుగు గంటలుగా ఇదే పని. ఫ్రాన్స్‌లో బళ్లు అద్దెకిచ్చే ఏ సైట్ చూసినా 9 సీట్ల దగ్గరే ఆగిపోతోంది. మాకు 12 సీటర్ కావాలి. ప్యారిస్‌లో బయల్దేరి షాంబోర్, షెనోన్సో, అంబ్వాజ్, విలాండ్రీ కోటలు చూసి రాత్రికి వెనక్కి వచ్చేయాలి. ఎక్కడ దొరుకుతుందో చెప్పండి ప్లీజ్.

పట్టాలు:
ఎంతమంది? ఏ నెల? నడిపేదెవరు, ఏ లైసెన్స్?

గోదారిగట్టు:
11 మంది. మా బావగారు నడుపుతారు. ఇండియా లైసెన్సే, మామూలు కారుది.

స్టీరింగ్:
ఇబ్బంది అక్కడే ఉందండీ. యూరప్‌లో మామూలు కారు లైసెన్స్ మీద డ్రైవర్‌తో కలిపి 9 సీట్ల బండి వరకే నడపొచ్చు. పైన ఒక్క సీటున్నా బస్సు లైసెన్స్ కావాలి, అందుకే మీకు 12 సీటర్ కనిపించదు. 9 సీటర్‌లో అంతా కూర్చుంటే పెట్టెలకు చోటుండదు, అదీ గుర్తుంచుకోండి.

రెండు బళ్లు తీసుకుంటే రెండో డ్రైవర్ కావాలి. ఇద్దరూ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోని ఆర్టీఓలో తీసుకునే బయల్దేరాలి, అక్కడికి వెళ్లాక ఇవ్వరు. డిపాజిట్‌కు ఎక్కువగా డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డుతో వెళ్తే కౌంటర్ దగ్గర ఆగిపోవచ్చు. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఎంచుకోండి, అక్కడ గేర్ బళ్లే ఎక్కువ.

డ్రైవర్‌తో మినీబస్సయితే అతని గంటలు లెక్కేయాలి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం, రోజుకు నడిపేది మొత్తం 9 గంటలే. మీ నాలుగు చోట్లూ తిరిగి ప్యారిస్ చేరాలంటే 500 కిలోమీటర్లు దాటుతుంది, దాదాపు ఏడు గంటలు రోడ్డు మీదే. షాంబోర్‌కు మూడు గంటలు, షెనోన్సోకు రెండున్నర పెట్టాలి. ఒక్క రోజులో కుదరదు. ఆ లోయలోని తూర్ ఊళ్లో గానీ అంబ్వాజ్‌లో గానీ ఒక రాత్రి ఉండండి.

కోటబురుజు:
అసలు వీటిని కోటలనకూడదు. షాంబోర్ 1519లో ఫ్రాన్స్వా రాజు వేట కోసం మొదలుపెట్టించిన మహల్. షెనోన్సో షేర్ నది మీద వంతెనలా కట్టిన విలాస భవనం. యుద్ధం కోసం కట్టినవి చూడాలంటే 17 బురుజుల ఆంజే, లోష్, షినోన్ చూడాలి. గోల్కొండనూ చౌమహల్లానూ ఒకే పేరుతో పిలుస్తామా?

పట్టాలు:
షాతో అన్న ఫ్రెంచి మాట రెండింటికీ వాడతారు. దుర్గం అని విడిగా చెప్పాలంటే షాతో ఫోర్ అంటారు.

కోటబురుజు:
వాళ్ల మాట అది. మన తెలుగులో తేడా ఉంది కదా, ఎందుకు చెరిపేయాలి?

స్టీరింగ్:
అంబ్వాజ్‌ను ఎటు వేస్తారు? కొండ మీద ప్రాకారాలున్నాయి, గుర్రాలు ఎక్కడానికి లోపల వాలుబాట ఉన్న బురుజులున్నాయి. రాజులు కాపురమూ ఉన్నారు.

పట్టాలు:
అసలు విషయానికి వద్దాం. ప్యారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి తూర్ పక్కనున్న సాం-పియేర్-దే-కోర్‌కు టీజీవీ అనే స్పీడు రైల్లో గంట పైన, అక్కడి నుంచి తూర్ ఐదు నిమిషాలు. తూర్ నుంచి షెనోన్సోకు లోకల్ రైలు అరగంట, దిగితే కోట గేటు పక్కనే. స్టేషన్, ఊరు పేరు చివర ఎక్స్ అక్షరం ఉంటుంది, కోట పేరుకు ఉండదు. టికెట్ కొనేటప్పుడు ఎక్స్ ఉన్నదే చూడండి. రోజుకు రైళ్లు కొద్దే, తిరిగొచ్చే బండి టైమ్ ముందే రాసుకోండి. అంబ్వాజ్ స్టేషన్ నదికి అవతల ఉంది, వంతెన దాటి కోటకు 20 నిమిషాల నడక. షాంబోర్‌కు బ్లువా స్టేషన్ నుంచి సీజన్‌లో బస్సు ఉంది. నెల ఇంకా చెప్పలేదు మీరు.

గోదారిగట్టు:
నవంబర్ మూడో వారం.

పట్టాలు:
అప్పటికి ఆ బస్సు ఆపేస్తారు. షాంబోర్ కూడా 5 గంటలకే మూస్తారు. పొద్దున్నే అక్కడికి వెళ్లండి.

స్టీరింగ్:
విలాండ్రీ వదిలేయండి. అక్కడ చూడాల్సింది తోటలే, నవంబర్‌లో ఆ రంగులుండవు.

గోదారిగట్టు:
డ్రైవర్‌తో మినీబస్సే మాట్లాడుతున్నాం, రెండు రోజులకు. థాంక్సండీ.

కోటబురుజు:
లోష్ కూడా కలపండి, షెనోన్సో నుంచి దగ్గరే.