చిల్లంగి హత్య కేసు: ముద్దాయికి మానసిక పరీక్ష ఎందుకు?

నాగావళి గట్టు:
శ్రీకాకుళంలో లా చదువుతున్నాను. మొన్న ఒక హత్య కేసు వాయిదాకి వెళ్లి కూర్చున్నాను. చిల్లంగి (చేతబడి) పెట్టిందని పక్కింటి ముసలామెను కొట్టి చంపిన కేసు. ముద్దాయిని మానసిక నిపుణుడికి చూపించాలని డిఫెన్స్ లాయరుగారు పిటిషన్ వేశారు. పీపీగారు (ప్రభుత్వం తరఫు లాయరు) లేచి, "ఊరంతా చిల్లంగిని నమ్ముతుంది, ఊరందరినీ చినవాల్తేరు పిచ్చాసుపత్రికి పంపిద్దామా?" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు. బోనులో ఉన్నతను మాత్రం గోడకేసి చూస్తూనే ఉన్నాడు. నన్నడిగితే హత్య కేసు ఏదైనా సరే, సైకాలజిస్టు పరీక్ష తప్పనిసరి చేయాలి. మీరేమంటారు?

పాత హెడ్డు:
ఏటి బాబూ, అందరికీనా? నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సీతంపేట ఇంకా మన జిల్లాలో ఉన్న రోజుల్లో ఆ వైపు ఇలాంటి కేసులు రెండు చూశాను. ఒకడు చీకటి పడేదాకా ఆగాడు. ఆమె కొడుకు సంతకి వెళ్లిన రోజు చూసుకున్నాడు. పని కానిచ్చి, గెడ్డలో చొక్కా ఉతుక్కున్నాడు. చొక్కా ఉతుక్కోవాలని తెలిసినవాడికి తప్పు చేశానని తెలీదంటే ఎలా నమ్మడం? మతి సరిగా లేదన్న కాగితం ఒకటి దొరికితే చాలు, కేసు అయిదేళ్లు నడుస్తుంది. చచ్చిపోయిన ముసలమ్మ గురించి ఎవరు రాస్తారు రిపోర్టు?

బార్ కేంటీన్:
హెడ్డుగారూ, ఆ చొక్కా సంగతి కోర్టు కూడా చూస్తుంది. దాచడం, పారిపోవడం, ముందు తర్వాత నడిచిన తీరు, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. కానీ ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తున్నారు. మా లాయర్ల బార్‌లో కూడా సగం మంది కలిపేస్తారు, అది వేరే బాధ.

మొదటిది, ముద్దాయి ఇప్పుడు విచారణను అర్థం చేసుకునే స్థితిలో ఉన్నాడా అన్నది. లేడని అనుమానం వస్తే మేజిస్ట్రేటు సివిల్ సర్జన్‌కి (ప్రభుత్వాసుపత్రి పెద్ద డాక్టరుకి) చూపిస్తారు. ఆయన సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో పంపుతారు. నయమయ్యేదాకా విచారణ ఆగుతుంది, అంతే. శిక్ష తప్పిపోదు.

రెండోది, చంపిన ఆ క్షణంలో అతని మనసు ఎలా ఉందన్నది. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 84వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 22. జబ్బు ఉందంటే సరిపోదు. ఆ జబ్బు వల్ల తాను చేసే పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితి ఉండాలి. నిరూపించుకునే భారం ముద్దాయిదే. అయితే పీపీ మీద ఉన్నంత బరువు అతని మీద ఉండదు, అలా జరిగే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలని 1964లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నిపుణుడి మాట అభిప్రాయమే, తీర్పు కాదు. జడ్జిగారు పక్కన పెట్టేయొచ్చు కూడా.

అందరికీ తప్పనిసరి అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో మానసిక నివేదిక తెప్పించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఉండాల్సిందే.

గంటస్తంభం:
ఇంత గొడవ దేనికండీ, నార్కో టెస్టు (మత్తు మందిచ్చి ప్రశ్నలడగడం) చేసేస్తే నిజం తేలిపోదా? మాది విజయనగరం, టీవీలో రోజూ చూస్తున్నాం.

బార్ కేంటీన్:
తేలదు. మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాల పరీక్ష) చేయకూడదని 2010లో సెల్వి కేసులోనే తేల్చేశారు. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. అసలు అది మనం మాట్లాడుకునే పరీక్షే కాదు.

తెల్లకోటు లేని డాక్టరు:
నేను క్లినికల్ సైకాలజిస్టుని. సొంతూరు రాజాం దగ్గర, ఉద్యోగం వైజాగ్‌లో. పీపీగారి జోకులో అసలు ప్రశ్న ఉంది, నవ్వేసి వదిలేశారు గానీ.

ఊళ్లో పదిమంది నమ్మేదాన్ని ఒకడు నమ్మితే మేం దాన్ని జబ్బు అనం. మా అమ్మమ్మ కూడా చిల్లంగిని నమ్మేది. నాకు జ్వరం వస్తే మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేసేది. ఆవిడకి ఏ జబ్బూ లేదు. కాబట్టి "చిల్లంగి నమ్మాడు, అందుకే మతి లేదు" అన్న వాదన నిలబడదు, నేనైతే అలా రాయను. కానీ ఆ నమ్మకం ముసుగులో జబ్బు దాక్కుంటుంది. అది పట్టుకోవడమే మా పని.

ఒకడు "ఆమె చిల్లంగి పెట్టింది, నా పిల్లాడు పోయాడు, మంత్రగాడు కూడా అదే అన్నాడు" అంటాడు. ఇందులో కోపం ఉంది, దుఃఖం ఉంది, ఊరి మాట ఉంది. ఇంకొకడు "ఆమె గోడలోంచి నా పేరు పెట్టి పిలుస్తోంది, అన్నంలో నాకొక్కడికే మట్టి వాసన" అంటాడు. మూడు నెలల ముందే పని మానేసి ఉంటాడు. రాత్రిళ్లు పడుకోడు. చిల్లంగిని గట్టిగా నమ్మే అతని భార్యే "ఆయన చెప్పేది అది కాదండీ, ఇంకేదో" అంటుంది. ఆ మాట వినగానే నేను పెన్ను తీస్తాను.

పాత హెడ్డు:
బాగుంది డాక్టరుగారూ. మరి నటిస్తే? జైల్లో పక్కవాడు అన్నీ నేర్పుతాడు.

తెల్లకోటు లేని డాక్టరు:
నటించేవాడు మామూలుగా ఎక్కువ చేస్తాడు. అడగకముందే గొంతులు వినిపిస్తున్నాయంటాడు, రెండు రెళ్లు అయిదంటాడు. నిజంగా జబ్బున్నవాడు చాలాసార్లు దాస్తాడు, తనకేమీ లేదంటాడు. అందుకే ఒక్క గంట మాటలతో తేల్చం. వార్డులో ఉంచి రోజుల తరబడి చూస్తాం. నటన అర్ధరాత్రి రెండింటికి నిలబడదు, సిస్టరు రాసే నైట్ రిపోర్టులో దొరికిపోతుంది.

మా బలహీనత కూడా చెప్తాను. నా దగ్గరకి తెచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ రోజు అతని మనసు ఎలా ఉందో నేను వెనక్కి లెక్క కట్టాలి. ముందు వాడిన మందుల చీటీ, ఓపీ చీటీ, ఇంటివాళ్ల మాటలు, అరెస్టయిన మొదటి రోజుల్లో ఎలా ఉన్నాడన్నది, ఇవే నాకు ఆధారం. చాలా ఫైళ్లలో అవి ఉండవు. చార్జిషీటు మందంగా ఉంటుంది, ఇవి మాత్రం కనపడవు.

నాగావళి గట్టు:
అయితే నా మాట మార్చుకుంటున్నాను. పెద్ద పరీక్ష అందరికీ అక్కర్లేదు. అరెస్టయిన రెండు మూడు రోజుల్లో జిల్లా ఆస్పత్రి సైకియాట్రిస్టు ఒకసారి చూసి పేజీ రాస్తే చాలు. తర్వాత డిఫెన్స్ వాదన నిజమైనా, అబద్ధమైనా ఆ పేజీతో తేలుతుంది. హెడ్డుగారికీ అభ్యంతరం ఉండదనుకుంటా.

బార్ కేంటీన్:
రిమాండుకి ముందు వైద్య పరీక్ష ఎలాగూ ఉంది. ఒంటిమీద దెబ్బలు రాస్తారు. అక్కడే మనసు గురించి నాలుగు లైన్లు అడగడం కష్టమేమీ కాదు. కాకపోతే ఆ పరీక్ష ఎంత హడావిడిగా అవుతుందో నాకు తెలుసు.

పాత హెడ్డు:
అభ్యంతరం లేదు. ఒకటి చెప్తాను. నేను చూసిన రెండో కేసులో ముద్దాయి ఒక కుర్రాడు, ఆ రాత్రి స్టేషన్లో నేనే డ్యూటీ. టీ ఇస్తే గ్లాసు వాసన చూసి పక్కన పెట్టేశాడు. అన్నం పెట్టినా అంతే, రెండు రోజులు. పొగరనుకున్నాం. స్టేషన్ రోజువారీ రికార్డు జనరల్ డైరీలో "ముద్దాయి భోజనం నిరాకరించెను" అని కూడా రాయలేదు. వాడికి జీవిత ఖైదు పడింది. డాక్టరుగారు మట్టి వాసన అన్నదగ్గర్నుంచి అదే గుర్తొస్తోంది.