వాగు పక్కన కొండ ఇల్లు: ఎలివేషన్ సర్టిఫికెట్ తీసుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నార్త్ కరోలినాలోని బంకమ్ కౌంటీలో, ఆష్‌విల్‌కి అరగంట దూరంలో ఇల్లు కొంటున్నాం. కొండవాలు మీద ఉంది, వెనక దిగితే చిన్న వాగు. నిలబడి చూస్తే ఇల్లు వాగుకంటే బాగా ఎత్తులోనే ఉంది. కానీ వరద మ్యాప్‌లో ఏఈ జోన్‌లో, అంటే వరద ముప్పు ఎక్కువున్న ప్రాంతంలో పడిందని, ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరని లోన్ ఇచ్చేవాళ్లు అంటున్నారు. ఎలివేషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇది తప్పుతుందని ఇల్లు చూపించిన ఏజెంట్ చెప్పాడు. క్లోజింగ్‌కి, అంటే లోన్ పూర్తయి ఇల్లు మా చేతికొచ్చే రోజుకి, మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ అయితే ఈ ఇల్లే వద్దంటోంది. ఎవరిని పట్టుకోవాలి?

జవాబు:
తమ్ముడూ, మాదీ ఆ కౌంటీయే. 2023లో నేనూ ఇదే పని మీద తిరిగాను కాబట్టి వివరంగా చెప్తాను.

సర్టిఫికెట్ ఒక్కటే నిన్ను జోన్‌లోంచి తప్పించదు. అది కొలతల కాగితం, అంతే. ఇంటి నేల ఎంత ఎత్తులో ఉంది, ఇంటిని తాకే మట్టి ఎంత ఎత్తులో ఉంది అని లైసెన్స్ ఉన్న సర్వేయర్ కొలిచి, ఫెమా (వరద మ్యాప్‌లు తయారుచేసే అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) ఫారంలో నింపి సంతకం పెడతాడు. ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్న నిబంధన పోవాలంటే ఆ కొలతలతో ఫెమాకి అర్జీ పెట్టి లెటర్ ఆఫ్ మ్యాప్ అమెండ్‌మెంట్ తెచ్చుకోవాలి, అంటే ఇల్లు ఆ వరద జోన్‌లో లేదని ఫెమా ఇచ్చే ఉత్తరం. అందరూ లోమా అంటారు. ఫెమా దీనికి ఫీజు తీసుకోదు, ఖర్చంతా సర్వేయర్‌కే. కాగితాలన్నీ సరిగ్గా అందాక 60 రోజుల దాకా పట్టొచ్చు, అంటే నీ క్లోజింగ్‌లోపు అవుతుందని లెక్క వేసుకోకు. లోమా వచ్చాక కూడా ఇన్సూరెన్స్ కావాలని అడిగే హక్కు లోన్ ఇచ్చేవాళ్లకి ఉంటుంది, వాళ్ల మాట ముందే కనుక్కో.

సర్వేయర్‌ని పిలిచే ముందు కౌంటీ ఫ్లడ్‌ప్లెయిన్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ అడ్రసు మీద పాత సర్టిఫికెట్ ఏమైనా ఉందా అని అడుగు. అమ్మేవాళ్లనీ అడుగు. దొరికితే, ఇల్లు తర్వాత మార్చకపోతే, అదే పనికి రావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. లోమా ఇవ్వాలంటే ఫెమా చూసేది మీ హాలు ఎత్తు కాదు, ఇంటిని తాకే మట్టిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు. ఆ చోటు బేస్ ఫ్లడ్ ఎలివేషన్‌తో సమానంగా గానీ, దానికి పైన గానీ ఉండాలి. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద ఎంత ఎత్తుకి వస్తుందో ఆ మట్టమే బేస్ ఫ్లడ్ ఎలివేషన్. డెక్ (ఇంటికి ఆనించి కట్టే చెక్క అరుగు) స్తంభాలు, మెట్లు, ఇంటికి ఆనుకున్న గ్యారేజీ కూడా ఇల్లు కిందికే లెక్క. సమతల నేల మీద దీంతో పెద్ద తేడా రాదు. కొండవాలులో మాత్రం కొంప ముంచేది ఇదే.

నాకు జరిగింది అదే. ఇంటి గోడ దగ్గర మట్టి వరద మట్టానికి అడుగున్నర పైనే వచ్చింది, సంతోషించాను. తర్వాత సర్వేయర్ వెనక్కి వెళ్లి, డెక్ చివరి స్తంభం చుట్టూ ఉన్న ఎండుటాకుల్ని బూటుతో పక్కకి తోసి, స్తంభం మొదలు దగ్గర మట్టి మీద కొలత రాడ్ ఆనించాడు. అర అడుగు తక్కువ వచ్చింది. ఆ ఒక్క స్తంభంతో లోమా ఆశ పోయింది. కౌంటీ పర్మిట్ తీసుకుని డెక్ చిన్నది చేసుకుని, మళ్లీ కొలిపించి, అప్పుడు అర్జీ పెట్టాను.

కొండ వాగులతో ఇంకో చిక్కు ఉంది. వాలు ఎక్కువ కాబట్టి ఒకే స్థలంలో ఈ చివరికీ ఆ చివరికీ వరద మట్టం మారిపోతుంది. మ్యాప్ మీది గీతను కంటితో చూసి అంకె రాసుకోకూడదు. ఫెమా ఫ్లడ్ ఇన్సూరెన్స్ స్టడీ రిపోర్టులోని ప్రొఫైల్ (వాగు పొడవునా వరద మట్టం చూపే గ్రాఫ్) చూసి, ఇంటికి ఎగువ వైపు ఎంత ఉందో తీయాలి. కొండల్లో ఇళ్లు కొలిచిన అనుభవం ఉన్న సర్వేయర్‌ని వెతకమనేది ఇందుకే.

ఎవరైనా మట్టి పోసి స్థలం ఎత్తు పెంచారా అనేది కూడా అడుగు. పోసి ఉంటే అది లోమా కాదు, వేరే అర్జీ, దానికి ఫీజు ఉంటుంది.

మరో జవాబు:
నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను, డబ్బు సంగతి నేను చెప్తాను. కొత్త పాలసీకి మామూలుగా 30 రోజులు ఆగాలి, కానీ లోన్ క్లోజింగ్ కోసం తీసుకుంటే ఆగక్కర్లేదు. అమ్మేవాళ్లకి ఇప్పటికే ఫెడరల్ (ప్రభుత్వ) ఫ్లడ్ పాలసీ ఉంటే దాన్ని మీ పేరు మీదికి మార్చమనండి, వాళ్లకున్న తక్కువ రేటు మీకు కలిసిరావచ్చు. 2021 అక్టోబర్‌లో మొదలైన కొత్త లెక్కలో ప్రీమియం నిర్ణయించడానికి ఎలివేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. ఇస్తే తగ్గే అవకాశం ఉంది, ఇచ్చినందుకు పెరగదు. లోమా వచ్చి లోన్ వాళ్లు ఒప్పుకుంటే, ఆ ఏడాది క్లెయిమ్ ఏదీ లేకపోతే, ఆ ఏడాది కట్టింది వెనక్కి అడగొచ్చు.

ఫెడరల్ పాలసీలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 డాలర్ల వరకే ఇస్తారు. బేస్‌మెంట్‌లోని సోఫా, టీవీకి రాదు. కొండచరియ విరిగిపడితే ఈ పాలసీ వర్తించదు, కొండ ఇల్లు కొనేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అన్నయ్యా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కౌంటీలో పాత సర్టిఫికెట్ దొరికింది, కానీ అందులో ఎత్తు ఎన్‌జీవీడీ 29 అనే పాత ఎత్తుల లెక్కలో ఉంది. డెక్ తర్వాత కట్టింది, అందులో లేదు. లోమా వచ్చాక ఇన్సూరెన్స్ మానేయొచ్చా?

జవాబు:
డెక్ తర్వాత వచ్చింది కాబట్టి కొత్తగా కొలిపించు. ఇప్పటి మ్యాప్ ఎన్‌ఏవీడీ 88 అనే కొత్త ఎత్తుల లెక్కలో ఉంటుంది. ఒక లెక్కలోని ఇంటి ఎత్తును ఇంకో లెక్కలోని వరద మట్టంతో పోల్చకూడదు.

ఇన్సూరెన్స్ మాత్రం మానకు, అన్నగా చెప్తున్నాను. 2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఆష్‌విల్‌లో ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి రికార్డును దాటింది. అప్పటికి నా చేతిలో లోమా ఉంది, అయినా మా వాగు నీళ్లు డెక్ మూడో మెట్టు దాకా వచ్చాయి. ఆ రాత్రి టార్చ్ వేసుకుని మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. లోమా ఉన్న ఇంటికి ప్రీమియం ఎంతో ఏజెంట్‌ని అడిగి, వీలైతే కొనసాగించు.

ప్రశ్న అడిగినవారు:
అలాగే అన్నయ్యా, పాలసీ ఉంచుతాం. సర్వేయర్ మంగళవారం వస్తున్నాడు. ఏసీ యూనిట్ కూడా వాగు వైపే, కింద ఉంది. అదేమైనా అడ్డమా?

జవాబు:
లోమాకి అడ్డం కాదు. ఫారంలో దాని ఎత్తుకి వేరే గడి ఉంటుంది, అక్కడ రాస్తాడు. తర్వాత యూనిట్‌ని పైకి ఎక్కిస్తే ప్రీమియంలో కొంత తగ్గొచ్చు, ఏజెంట్‌ని అడుగు. ఇంటి ముందు, వెనక ఫొటోలు తీస్తాడు కాబట్టి అడ్డంగా ఉన్న సామాను తీయించమని అమ్మేవాళ్లకి చెప్పు. మంగళవారం నువ్వు అక్కడే ఉండు. డెక్ స్తంభాల దగ్గర ఆకులు ముందురోజే ఊడ్పించు, మట్టి కనబడాలి.