రెక్కలు లేకుండా వెలిగే ఆ పురుగు మిణుగురేనా?

వానచుక్క (ప్రశ్న)

వర్షాలు మొదలై పది రోజులు దాటింది. నిన్న రాత్రి ఒక నీటిమడుగు ఒడ్డున, తడిసిన ఆకుచెత్త మీద రెండు చిన్న ఆకుపచ్చ చుక్కలు వెలుగుతూ కనిపించాయి. మిణుగురు రాలిపడిందేమో అనుకుని టార్చి వేసి చూస్తే, వేలి కణుపంత పొడవున, నల్లగా, వీపు మీద పెంకులు పేర్చినట్టుగా ఉన్న పురుగొకటి పాకుతోంది. దానికి రెక్కల జాడే లేదు. తోక దగ్గర, పొట్ట కింది వైపున ఉన్న ఆ రెండు చుక్కలూ టార్చి ఆర్పిన కాసేపటికి మళ్లీ వెలిగాయి గానీ, మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలిగి నెమ్మదిగా ఆరిపోయాయి.

ఇది మిణుగురు పిల్లా, లేక వేరే పురుగా? మిణుగురు పిల్లే అయితే, ఏడాదిలో కొన్ని వారాలే కనిపించే మిణుగురులు మిగతా కాలమంతా ఇలా నేల మీదే ఉంటాయా? చలికాలమంటూ పెద్దగా లేని ఉష్ణమండలంలో అవి ఏడాది పొడవునా ఎందుకు ఎగరవో తెలిసినవారు చెప్పగలరు.

పెంకురెక్క

మీరు చూసింది మిణుగురు డింభకమే, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు (లార్వా). మిణుగురు ఈగ కాదు, పెంకు పురుగుల వర్గానికి చెందిన లాంపిరిడే కుటుంబపు జీవి; ఈ కుటుంబంలో ఇప్పటికి 2,000కు పైగా జాతులను గుర్తించారు. కొన్ని జాతుల్లో, ముఖ్యంగా ఆసియాలోని లాంప్రిజెరాలో, ఆడది పెద్దదయ్యాక కూడా రెక్కలు లేకుండా డింభకంలాగే ఉండిపోతుంది కాబట్టి మీ అనుమానం సహజమే. అయితే ఆ ఆడది లేత రంగులో, లావుగా ఉంటుంది. మీరు చెప్పిన నల్లటి పలకలు డింభకానివే.

ఆడ మిణుగురు తేమ నేలలోనో నాచులోనో గుడ్లు పెడుతుంది, కొన్ని వారాల్లో అవి పొదుగుతాయి. అక్కడి నుంచి మొదలయ్యే డింభక దశే దాని జీవితంలో అత్యధిక భాగం. చల్లని దేశాల్లో ఇది ఒకటి రెండేళ్లు సాగితే, వెచ్చని ప్రాంతాల్లో చాలా జాతులకు కొన్ని నెలల్లో ముగుస్తుంది. ఈలోగా పలుమార్లు చర్మం విడిచి పెరిగి, చివరకు సాధారణంగా మట్టిలో చిన్న గది చేసుకుని ప్యూపాగా, అంటే డింభకానికీ రెక్కల పురుగుకూ మధ్య దశగా, మారుతుంది. రెక్కలతో బయటికి వచ్చాక బతికేది కొద్ది వారాలే. చాలా జాతుల్లో పెద్ద పురుగు ఏమీ తినదు, తింటే కాస్త తేనె. కడుపు నింపుకునే పనంతా డింభకానిదే.

ఆ తిండి ఎక్కువగా నత్తలు, వానపాములు. నత్త వేటను నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. డింభకం జిగురు చార పట్టుకుని వెనకే వెళ్తుంది, గుల్ల మీదికి ఎక్కుతుంది, తల బయటికి వచ్చిన చోట కొడవలి లాంటి దవడలతో మళ్లీ మళ్లీ కొరుకుతుంది. దవడల లోపలి సన్నని గొట్టాల గుండా విషం ఎక్కగానే నత్త కదలిక మందగిస్తుంది. ఆ తర్వాత జీర్ణరసాలతో దాని మాంసాన్ని ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది. భోజనం అయ్యాక తోక చివరి నుంచి తెల్లని వేళ్ల గుత్తి లాంటి అవయవాన్ని బయటికి చాపి, ముఖానికంటిన జిగురును తుడుచుకుంటుంది. ఎక్కేటప్పుడు పట్టు కోసం వాడేదీ అదే. అందంగా వెలిగే పురుగు ఇంత కర్కశమైన వేటగాడా అని మొదటిసారి చూసినప్పుడు నేను కాస్త నొచ్చుకున్న మాట నిజం.

మడగట్టు

పెంకురెక్క గారు చెప్పినదానికి నివాసాల సంగతి జోడిస్తాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. మలేషియాలోని కువాలా సెలంగోర్ దగ్గర నది ఒడ్డున టెరోప్టిక్స్ టెనర్ అనే జాతి సొన్నరేషియా అనే మడ చెట్ల మీద వేల సంఖ్యలో చేరి, అంతా ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరుతుంది. థాయిలాండ్‌లో ఇలాంటి దృశ్యాన్ని 1690లో అక్కడికి వెళ్లిన జర్మన్ వైద్యుడు, యాత్రికుడు ఎంగెల్బర్ట్ కెంఫర్ వర్ణించాడు. ఈ లయ ఎలా కుదురుతుందో జీవశాస్త్రజ్ఞులైన జాన్ బక్, ఎలిజబెత్ బక్ దంపతులు అక్కడి మిణుగురుల మీద పరిశోధించి 1968లో ప్రచురించారు: ప్రతి పురుగుకూ లోపల ఒక గడియారం ఉంటుంది, పక్కవాటి మెరుపును చూసి అది తన గడియారాన్ని సరిదిద్దుకుంటుంది.

అయితే ఆ చెట్టు వాటికి పెళ్లిపందిరి మాత్రమే, పుట్టిల్లు కాదు. జతకట్టిన ఆడవి ఒడ్డు నుంచి లోపలికి వెళ్లి, నిపా, సాగో తాటి జాతుల కింద నీడలో, ఎప్పుడూ చెమ్మ ఆరని బురద నేలలో గుడ్లు పెడతాయి. డింభకాలు అక్కడి చిన్న నత్తలను తిని పెరుగుతాయి. కాబట్టి ఒడ్డున ఒక వరుస మడ చెట్లను ఉంచి, వాటి వెనక నేలను చదును చేసి ఆయిల్‌పామ్ తోటలు గానీ రొయ్యల చెరువులు గానీ వేస్తే, పడవలో వెళ్లేవారికి అడవి కనిపిస్తుంది గానీ తర్వాతి తరం మిణుగురులు కనిపించవు. సంరక్షణ పేరుతో చెట్టును మాత్రమే లెక్కపెట్టడం నా దృష్టిలో సగం పని కూడా కాదు.

ఇక ఋతువు సంగతి. ఆటుపోట్ల వల్ల ఏడాదంతా తడిగా ఉండే మడ అడవుల్లో తరాలు ఒకదానిమీద ఒకటి నడుస్తాయి కాబట్టి అక్కడ మిణుగురులు అన్ని నెలల్లోనూ కనిపిస్తాయి. సహ్యాద్రి లాంటి కొండ అడవుల్లో ఎండాకాలం నేల ఎండిపోతుంది, నత్తలు లోపలికి ముడుచుకుంటాయి; అందుకే అక్కడి జాతులు మే, జూన్ నెలల్లో, రుతుపవనాల ముందు జల్లులతో పెద్ద సంఖ్యలో బయటికి వస్తాయి. ఉష్ణమండలంలో మిణుగురు పంచాంగాన్ని రాసేది చలి కాదు, తేమ.

వానచుక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. వెలుగు జత కోసమే అయితే, జతకట్టే వయసే రాని డింభకం ఎందుకు వెలుగుతుంది? దాన్ని సీసాలో పెట్టి పెంచి చూడవచ్చా?

పెంకురెక్క

డింభకం వెలుగు హెచ్చరిక. మిణుగురులు చాలావరకు చేదుగా ఉంటాయి, కొన్నిటి ఒంట్లో గుండెకు హాని చేసే విషం కూడా ఉంటుంది. ఒకసారి నోట పెట్టుకున్న కప్పకు ఆ వెలుగు గుర్తుండిపోతుంది. తెలిసినంతవరకు మిణుగురు డింభకాలన్నీ వెలుగుతాయి, కానీ పెద్ద పురుగులన్నీ వెలగవు. పగటిపూట తిరిగే జాతులు వాసనతో జతను వెతుక్కుంటాయి. దీన్నిబట్టి వెలుగు మొదట రక్షణ కోసం పుట్టి, తర్వాత ప్రేమలేఖగా మారిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

సీసాలో మాత్రం పెట్టకండి. తేమ కాస్త తగ్గినా ఎండిపోతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది, రోజూ నత్తలను తెచ్చిపెట్టడం కూడా తేలిక కాదు. పైగా మీరు చూసింది మడుగు ఒడ్డున కాబట్టి అది నీటిలో పెరిగే జాతి కూడా కావచ్చు. ఆసియాలో అలాంటివి కొన్ని ఉన్నాయి, వాటిలో కొన్నిటికి పొట్టకు ఇరువైపులా మొప్పలు ఉంటాయి. తెల్లని టార్చి బదులు ఎర్ర కాగితం కట్టిన దీపంతో, కదలకుండా కూర్చుని చూడండి.

వానచుక్క

ఎర్ర కాగితం కట్టుకుని ఈ రాత్రి మళ్లీ వెళ్లాను. పక్కల మొప్పలేవీ కనిపించలేదు కాబట్టి నేల మీది జాతే అనుకుంటున్నాను. అరగంట తర్వాత అదే చోట, బఠానీ గింజంత గుల్లలోకి తల దూర్చి ఒకటి, కాస్త అవతల రాయి కింద ఇంకొకటి కనిపించాయి. మొదటిది చాలాసేపటికి తల బయటికి తీసి, తోకను ముందుకు వంచి ముఖం తుడుచుకుంది.