ముసలి రాజు ఒంటరిగా డ్రాగన్ మీదికి వెళ్ళడం సబబేనా?

పాతపుస్తకం:
బేవుల్ఫ్ కావ్యం మళ్ళీ చదువుతున్నాను. తెలియనివాళ్ళకు: పాత ఇంగ్లిష్‌లో 3182 పంక్తుల కావ్యం, కథ మాత్రం డెన్మార్క్, దక్షిణ స్వీడన్ ప్రాంతాలది. చివరి భాగానికి వచ్చేసరికి రాజు బేవుల్ఫ్ మీద కోపం వస్తోంది. దక్షిణ స్వీడన్‌లోని గీట్ ప్రజలను 50 ఏళ్ళు ఏలినవాడు. కొడుకు లేడు, చుట్టూ పగవాళ్ళు. ఎవడో గుహలోంచి గిన్నె దొంగిలిస్తే డ్రాగన్ ఊళ్ళు తగలబెట్టింది, రాజు కొలువు కూడా కాలిపోయింది. చంపాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ సైన్యం అక్కర్లేదని పదకొండు మందినే వెంట తీసుకెళ్ళి, వాళ్ళనూ దూరంగా ఆపేసి, ఇది నా ఒక్కడి పని అని దిగడం ఏమిటి? వీరత్వమా, బాధ్యత లేకపోవడమా?

గోదారిగట్టు:
బాధ్యత లేనివాడు ఇనప డాలు చేయించుకుంటాడా అండీ? కర్ర డాలు ఆ మంటకు ఆగదని ముందే ఆలోచించాడు. కుర్రతనంలో గ్రెండెల్ అనే రాక్షసుడితో వట్టి చేతులతో కలబడ్డ మనిషి, ఈసారి కత్తి, కవచం పట్టుకెళ్ళాడు. ఆ కాలపు ఏర్పాటు కూడా చూడాలి. రాజు బంగారం, ఆయుధాలు పంచుతాడు, పుచ్చుకున్నవాళ్ళు ఆపదలో పక్కన నిలబడతారు. ఆ మాట తప్పిందెవరు? పది మంది అడవిలోకి పరుగెత్తారు, విగ్లాఫ్ అనే కుర్ర యోధుడు ఒక్కడే సాయానికి వెళ్ళాడు. తిడితే వాళ్ళను తిట్టండి.

పాతపుస్తకం:
విగ్లాఫ్ వాళ్ళను దులిపేశాడు, కరెక్టే. రాజు పోయాక అతనే ఇంకో మాట కూడా అన్నాడు: ఒక్కడి పంతం వల్ల చాలామంది కష్టాలు పడాల్సి వస్తుందని, ఆ డ్రాగన్ జోలికి పోవద్దంటే రాజు వినలేదని. రాజు కోసం ప్రాణం ఒడ్డినవాడే అలా అంటే మనమెందుకు మొహమాటపడాలి?

రాత్రిబడి:
ఊళ్ళు కాల్చేశాక జోలికి పోకుండా ఎలా ఉంటారు? విగ్లాఫ్ దుఃఖంలో అన్న మాట అది. అయినా నాకు పాతపుస్తకం గారి వాదనే కొంచెం బరువుగా ఉంది, వేరే కారణంతో. డెన్మార్క్ రాజు హ్రోత్‌గార్‌ను చూడండి. గ్రెండెల్ 12 ఏళ్ళు మనుషుల్ని తింటుంటే స్వయంగా పోరాడలేదు, పరాయి కుర్రాడొచ్చి కాపాడాడు. అయినా కవి ఆయన్ను మంచి రాజనే అంటాడు. అంటే ముసలి రాజు స్వయంగా కత్తి పట్టి తీరాలన్న రూలేమీ ఈ కావ్యంలో లేదు. బేవుల్ఫ్‌కు గర్వం వద్దని హితవు చెప్పింది కూడా ఆయనే. ఇక చివర్లో బేవుల్ఫ్‌ను సమాధి చుట్టూ తిరుగుతూ పొగిడినవాళ్ళు దయగలవాడన్నారు, మృదువైనవాడన్నారు, అన్నిటికన్నా ఆఖర్న కీర్తి కోసం తపించినవాడన్నారు. పొగడ్తే, కానీ అక్కడ ఆపడం యాదృచ్ఛికం అనిపించదు.

గోదారిగట్టు:
హ్రోత్‌గార్‌కు బేవుల్ఫ్ దొరికాడు. బేవుల్ఫ్‌కు దొరికిందెవరు, ఆ పది మందా?

గీట్‌ల పతనాన్ని డ్రాగన్ ఖాతాలో వెయ్యడం కూడా అన్యాయం. చావు కబురు తెచ్చిన దూత ఫ్రాంకులు (ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలిన జాతి), స్వీడన్‌వాళ్ళు మీద పడతారని భయపడతాడు. ఫ్రాంకుల పగ బేవుల్ఫ్ మేనమామ హైగెలాక్ చేసిన దండయాత్ర నాటిది. అది కట్టుకథ కాదు, ఆరో శతాబ్దపు చరిత్రకారుడు గ్రెగరీ ఆఫ్ టూర్స్ కూడా ఆ దాడి గురించి రాశాడు. బేవుల్ఫ్ బతికినన్నాళ్ళూ పొరుగు రాజు ఒక్కడూ మీదికి రాలేదు. మంచం మీద పోయినా వాళ్ళు వచ్చేవాళ్ళే.

పాతపుస్తకం:
మంచం మీద పోయేవాడికి వారసుణ్ణి నిలబెట్టే టైమ్ ఉంటుంది కదండీ, నా కంప్లైంట్ అదే. ప్రాణం పోతుంటే మెడలోని బంగారు పట్టీ తీసి విగ్లాఫ్‌కిచ్చి, మన వంశంలో మిగిలింది నువ్వొక్కడివే అన్నాడు. 50 ఏళ్ళలో చేయని ఏర్పాటు ఆ క్షణంలోనా? పైగా విగ్లాఫ్ చేతిలో కత్తి ఎవరిదనుకున్నారు? స్వీడన్ రాజవంశానికి చెందిన ఎయాన్‌ముండ్‌ది. అతన్ని చంపి దాన్ని తెచ్చింది విగ్లాఫ్ తండ్రే. ఆ కత్తి కట్టుకున్నవాడు గద్దెనెక్కితే స్వీడన్‌వాళ్ళు ఊరుకుంటారా?