అప్‌డేట్: దెకార్త్ ‘నేను’ గురించి అడిగిన ప్రశ్న

ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ చెప్పినట్టు అన్నిటినీ సందేహిస్తే ‘నేను’ మాత్రం ఎలా మిగులుతుందని పోయిన నెల అడిగాను. జవాబులిచ్చిన వారికి కృతజ్ఞతలు.

ముందు నా పొరపాటు. ‘ఆలోచిస్తున్నాను కనుక ఉన్నాను’ అన్న వాక్యం ఆయన 1641 నాటి పుస్తకం ‘ధ్యానాలు’లో ఉందనుకున్నాను. లేదు, అది 1637లో ఫ్రెంచిలో రాసిన పుస్తకంలోది. ధ్యానాల్లో ఉన్నది ‘నేను ఉన్నాను’ అన్న మాట. అదీ అనుకున్నంతసేపే నిజం. ఆ ‘అనుకున్నంతసేపు’ ఇంతకాలం నా కంట పడనే లేదు!

ఆయన మైనం ఉదాహరణ కూడా చేసి చూశాను. గరిటెలో కొవ్వొత్తి ముక్క కరిగించాను. ఆకారం పోయింది, గట్టిదనం పోయింది. అయినా అదే మైనమని చెప్పింది కన్ను కాదు, బుద్ధి. (గరిటెకు పట్టిన మైనం ఇంకా వదల్లేదు, ఇంట్లో చీవాట్లు.)

దెకార్త్ వాక్యం మీద జర్మన్ రచయిత లిష్టెన్‌బర్గ్ చెప్పిన అభ్యంతరమే తేలడం లేదు. మెరుపు వస్తే ‘మెరుస్తోంది’ అన్నట్టు, ‘నేను’ అనకుండా ‘ఆలోచన జరుగుతోంది’ అని ఊరుకోవాలట. తెలుగులో ‘ఆలోచిస్తున్నాను’ అంటే చివరి ‘ను’లోనే నేను దాక్కుని ఉన్నాను. అదే అర్థమున్న లాటిన్ మాట ‘కోగిటో’లోనూ అంతే. ‘అనిపిస్తోంది’ అనగానే ఆ ‘ను’ మాయం. మరి దెకార్త్‌కు దొరికింది తానా, క్రియాపదం చివరి అక్షరమా?